నలభై తొమ్మిది కిలోల వాడు

నేను రిటైరైన రోజున నా స్థానంలోకి వచ్చిన కుర్ర కోచ్ నాకు శాలువా కప్పి, "మాస్టారూ, మాలాంటోళ్ళకి ఏమన్నా నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు. మైకు ముందు నిలబడి క్రమశిక్షణ, పట్టుదల, గురువు మీద గౌరవం అంటూ ఏదో చెప్పి దిగిపోయాను. అవి అబద్ధాలని కాదు, కానీ ఈ ఉద్యోగానికీ ఆ మాటలకీ సంబంధం లేదు. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. చదివాక ఈ పని మానుకుందామనిపిస్తే మానుకోండి. నేనేం అనుకోను.

నా పేరు ఇమ్మానుయేలు. మాది రొంపిచెర్ల. మిలటరీలో ఉండగా బాక్సింగ్ నేర్చుకున్నాను. బయటికొచ్చాక నరసరావుపేటలో కోచ్‌గా చేరి, జుట్టు తెల్లబడేదాకా అక్కడే చేశాను. రింగు తాళ్ళు సాగిపోతే గడ్డిమోపులు కట్టే మోకులు తెచ్చి కట్టుకున్న రోజులూ ఉన్నాయి. అవన్నీ చెప్పను. ఏ ఏడు ఏ పదవిలో ఉన్నానో అంతకన్నా చెప్పను. చెప్పాల్సింది బరువు గురించి, ఒక సన్నటి మనిషి గురించి.

కాటా దగ్గర

బయటివాళ్ళు బాక్సింగంటే గుద్దులాట అనుకుంటారు. మా పని మొదలయ్యేది కాటా దగ్గర. పోటీ రోజు పొద్దున్నే మనుషుల్ని డ్రాయర్లతో వరసగా నిలబెట్టి తూస్తారు. ఎవరి బరువుకి తగ్గ తరగతిలో వాళ్ళు ఆడాలి. నా రోజుల్లో మగవాళ్ళకి అన్నిటికన్నా కింది తరగతి నలభై తొమ్మిది కిలోలు. దాని మీద యాభై రెండు. అట్లా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే తొంభై ఒకటి దాటిన భారీ మనుషుల దాకా ఉండేవి.

ఈ ఏర్పాటు చూసే నేను ఈ ఆటని ప్రేమించాను. పొలం గట్టు తగాదాలో పెద్దోడికీ చిన్నోడికీ ఒకటే బరి. తాలూకా కచేరీలో అంతే, ఎన్నికల్లో అంతే. బలమున్నోడు గెలుస్తాడు, లేనోడు సర్దుకుంటాడు. ఇక్కడ మాత్రం సన్నగా పుట్టినవాడికి ఎదురుగా సన్నటివాణ్నే నిలబెడతారు. ఇంత న్యాయం నేను పల్నాడులో ఇంకెక్కడా చూళ్ళేదు.

ఆ న్యాయానికి బొక్క ఎక్కడుందో కూడా కాటా దగ్గరే తెలిసింది. యాభై ఎనిమిది కిలోల మనిషి యాభై రెండులో ఆడాలనుకుంటాడు. తనకన్నా చిన్నవాణ్ని కొట్టడం తేలిక గదా! అందుకని నాలుగు రోజుల ముందు నుంచీ ఎండిపోతాడు. మంచినీళ్ళు మానేస్తాడు. రోళ్ళు పగిలే ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరిగెత్తుతాడు. నోట్లో ఉమ్మి కూడా మింగకుండా డబ్బాలో ఊస్తాడు. పెదకూరపాడు నుంచి వచ్చే ఒక కుర్రాడు ఇట్లాగే ఎండి, కాటా మీదికి ఎక్కబోతూ కళ్ళు తేలేశాడు. ముఖాన నీళ్ళు కొట్టబోతే, "వద్దు మాస్టారూ, నోట్లోకి పోతయ్యి, బరువు పెరుగుద్ది" అన్నాడు.

కాటా దాటితే చాలు. ఆ తర్వాత లీటర్లకి లీటర్ల నీళ్ళు, గ్లూకోజు, అన్నం. రింగులోకి దిగేసరికి వాడు మళ్ళీ యాభై ఏడు. కాటా అబద్ధం చెప్పదంటారు. నిజమే, కానీ అది చెప్పేది ఆ ఒక్క నిమిషం నిజం.

ఇంత జరిగినా కింది తరగతిలో మాత్రం న్యాయం మిగిలే ఉండేది. నలభై తొమ్మిదికి ఎండగలిగినవాడు సహజంగానే సన్నటివాడు. అక్కడికి దిగొచ్చే పెద్దమనిషి ఉండడు. అందుకే ఆ తరగతంటే నాకు ప్రత్యేకమైన మమకారం.

ఖాళీ కుర్చీలు

ఆ మమకారం నా ఒక్కడికే. మా బాక్సింగ్ సంఘానికి రామాంజనేయులు గారని ఒక సెక్రటరీ ఉండేవారు. మిర్చి వ్యాపారం. మనిషి చెడ్డవాడు కాదు. పిల్లలకి పాలు, గుడ్లు ఆయన ఇంటి నుంచే వచ్చేవి. కానీ పోటీల వరసంతా ఆయన చేతిలో ఉండేది. చిన్న బరువుల బౌట్లు పొద్దున్న పెట్టేవారు. అప్పటికి షామియానా వేసేవాళ్ళు ఇంకా కుర్చీలు దించుతూనే ఉండేవాళ్ళు. భారీ మనుషుల్ని సాయంత్రం దింపేవారు, లైట్లు వేసి, డప్పులు పెట్టి.

ఒకసారి అడిగాను, ఒక్క పోటీకన్నా సన్నటివాళ్ళని సాయంత్రం దింపమని.

"ఏందయ్యా ఇమ్మానుయేలూ! జనానికి దున్నపోతులాంటోడు పడిపోతే చూడాలని ఉంటది. దోమ దోమని కుడితే ఎవడిక్కావాల?" అన్నారు.

ఆయన్ని తప్పు పట్టలేను. జనం అట్లాగే ఉన్నారు. భారీ మనుషులు మొదటి రౌండులో నాలుగు దెబ్బలు వేసుకుని, రెండో రౌండుకల్లా ఒకరినొకరు కావలించుకుని రొప్పుతూ నిలబడతారు. అయినా ఈలలే. సన్నటివాళ్ళు మూడు రౌండ్లూ ఆగరు. వాళ్ళ చేతులు చూడ్డానికి చూపు చాలదు. దెబ్బ ముక్కు మీదికొచ్చి తగలకుండా పోయిందంటే, అక్కడ తల జరిగింది జానెడు కూడా ఉండదు. మన జనానికి దెబ్బ చూడటం వచ్చు, తప్పించుకోవడం చూడటం రాదు.

జనం మెచ్చే భారీ మనిషి మా దగ్గర కోటేశ్వరరావు. అందరం కోటి అనేవాళ్ళం. గురజాల వైపు మోతుబరి రైతు కొడుకు, వాళ్ళ నాన్న సర్పంచిగా చేశాడు. తలుపు నిండా ఉండే మనిషి. మెత్తటి మనసు. రింగులోకి దిగితే వాడి ఊరు ఊరంతా ట్రాక్టర్ల మీద వచ్చేది. వాడికి ఆట సగమే వచ్చని నాకు తెలుసు, వాడికీ తెలుసు.

సైదులు

సైదులు మాచర్ల నుంచి పొద్దున రైలుకి వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. చొక్కా భుజాల మీద నిలవనంత సన్నటి మనిషి. వాళ్ళ నాన్న నాపరాళ్ళ క్వారీలో చేసి చేసి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. తల్లి కోటమ్మ మిరపకాయల కోతలకి పోయేది. తను లారీలకి రాళ్ళు ఎత్తేవాడు.

"ఎందుకొచ్చావు?" అని అడిగాను.

"కానిస్టేబుల్ సెలక్షన్లకి పోయా సార్. పరుగులో అందరికన్నా ముందొచ్చా. తర్వాత ఛాతీ కొలిచి పక్కన నిలబెట్టారు. ఎత్తు కూడా చాల్లేదంట." జారిన చొక్కా భుజం మీదికి లాక్కుని అన్నాడు. "మీ దగ్గర నా సైజుకి కూడా ఒక లైనుందని ఎవరో చెప్పారు. నిజమేనా సార్?"

"నిజమే," అన్నాను.

కాటా ఎక్కించాను. నలభై ఎనిమిది దగ్గర ముల్లు ఆగింది. ఏమీ ఎండబెట్టక్కర్లేదు, ఏమీ పెంచక్కర్లేదు. ఆ తరగతి వీడి కోసమే కుట్టినట్టుంది.

వాడి ప్రతిభ గురించి పెద్ద కథలు చెప్పను. మొదటి ఆరు నెలలు అందరిలాగే దెబ్బలు తిన్నాడు. కానీ ఎంత దూరంలో నిలబడాలన్నది వాడికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఎదుటివాడి చెయ్యి చాచితే ఎంతవరకు వస్తుందో కాళ్ళకి తెలుసు. రెండో ఏడు వచ్చేసరికి సరదాకి కోటితో దింపేవాణ్ని. కోటి గట్టిగా కొట్టకూడదని ఒప్పందం. గట్టిగా కాదు గదా, తాకడమే కుదిరేది కాదు. కోటి చెమటలు కక్కుతూ తాళ్ళ మీద వాలి, "ఒరేయ్ సైదా, ఒక్కసారి నిలబడరా! నీ మొహం ఎట్టుంటదో చూసుకుంటా" అనేవాడు. సైదులు నవ్వేవాడు. వాళ్ళిద్దరూ ఒకే ప్లేటులో ఇడ్లీలు తినేవాళ్ళు. కోటికి నాలుగు, వాడికి రెండు.

ఒక్క సాయంత్రం

నా సర్వీసు మొత్తంలో సంతోషంగా చెప్పుకోగలిగింది ఒక్కటే సాయంత్రం.

నరసరావుపేటలో పోటీలు. ఆఖరి రోజు సాయంత్రం కోటి ఫైనల్. జనం కిక్కిరిసి ఉన్నారు. తీరా చూస్తే కోటి మీద ఆడాల్సిన మనిషి జ్వరమొచ్చి రాలేదు. ఆడకుండానే కోటి గెలిచినట్టు మైకులో చెప్పారు. జనం ఊరుకుంటారా! కుర్చీలు లేచాయి. ఎవరో బురదచెప్పు రింగులోకి విసిరారు. రామాంజనేయులు గారు కండువాతో ముఖం తుడుచుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"ఇమ్మానుయేలూ, ఏదో ఒకటి దింపవయ్యా! పరువు పోతంది."

సైదులు ఆడాల్సిన ఫైనల్, రిఫరీ రావడం ఆలస్యమై, ఆ పొద్దున జరగలేదు. వాడూ, విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్రాడూ కడుపు మాడ్చుకుని అట్లాగే కూర్చుని ఉన్నారు. దింపాను.

"ఒరేయ్, బడిపిల్లల్ని దింపార్రా!" అని అరిచాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు.

గంట కొట్టారు. విశాఖ కుర్రాడు మంచి ఆటగాడు, నిలువెల్లా మెరుపు. మొదటి నిమిషంలో వాడు వేసిన దెబ్బలు లెక్కపెట్టలేం. సైదులు ఒక్కటి కూడా కొట్టలేదు. తల ఇటు, నడుము అటు, కాలు ఒక్క అడుగు వెనక్కి. దెబ్బలన్నీ వాడి చెవి పక్కనుంచి, గడ్డం కింద నుంచి పోతున్నాయి. నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. ఉన్నట్టుండి ఆ మైదానంలో బూట్ల చప్పుడు వినపడింది. వేలమంది ఉన్న చోట రబ్బరు బూట్లు కాన్వాసు మీద రాసుకునే చప్పుడు!

రెండో రౌండులో సైదులు మొదలుపెట్టాడు. తప్పించుకున్న ప్రతిసారీ ఒకటి ఇచ్చాడు. జనం "ఆఁ" అన్నారు. తర్వాత "ఆఁ!" అన్నారు. మూడో రౌండుకి ఎవరూ కూర్చుని లేరు. నా పక్కన తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని, "అబ్బాయ్, వాడు మనిషేనా? ఇంతసేపు నేను రెప్ప ఎయ్యలేదయ్యా" అన్నాడు.

సైదులు గెలిచాడు. ఓడిన కుర్రాణ్ని కూడా భుజాల మీద ఎత్తారు. వాణ్ని ఎత్తినవాడు కోటి.

ఆ వారమంతా టీ బంకుల దగ్గర సైదులు మాటే. నేను నమ్మేశాను, జనానికి చూడటం వచ్చేసిందని. తర్వాతి పోటీలకి ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తున కోటి బొమ్మ, మీసం మెలేస్తూ. సైదులు బౌటు పొద్దున్నే, కుర్చీలు దించుతుండగా పెట్టారు. కోటి ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, "దీన్ని చింపేద్దునా మాస్టారూ?" అని అడిగాడు. చింపి ఏం లాభం! జనానికి ఒక సాయంత్రం నచ్చింది. నచ్చడం వేరు, మళ్ళీ మళ్ళీ రావడం వేరు.

ఎవరి పతకం ఎంత

కొత్తగా వచ్చే కోచ్‌లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. దీన్ని ఏ శిక్షణలోనూ చెప్పరు.

మన దేశంలో సన్నటివాళ్ళు ఎక్కువ. కింది తరగతుల్లో ఎప్పుడూ తొక్కిసలాటే. పై తరగతుల్లో మనుషులు దొరకరు. ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో సైదులు తరగతికి ఇరవై మందికి పైగా వచ్చారు. వాడు ముగ్గుర్ని గెలిచి, సెమీఫైనల్లో ఒక్క జడ్జీ తేడాతో ఓడిపోయాడు. కంచు పతకం. కోటి తరగతికి వచ్చింది ముగ్గురే. చీటీ తీస్తే కోటి నేరుగా ఫైనల్లో పడ్డాడు. అక్కడ మొదటి రౌండులోనే ఓడిపోయాడు. వెండి పతకం.

క్రీడల కోటా ఉద్యోగానికి వెండి కావాలన్నారు. కోటికి ఉద్యోగం వచ్చింది.

స్వీటు ప్యాకెట్టు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాడు. గడపలో నిలబడి, "మాస్టారూ, నేను గెలిచిందేందండీ? ఒక్కణ్ని కూడా కొట్టలేదు గదా! ఈ ఉద్యోగం సైదాది" అన్నాడు.

"వద్దని రాసిస్తావా?" అన్నాను.

తలొంచుకున్నాడు. "మా నాయన చంపుతాడు."

వాణ్ని నేనేమీ అనలేదు. వాడు వదులుకున్నా అది సైదులుకి రాదు, ఇంకో భారీ మనిషికి పోతుంది. సైదులు కూడా కోపం తెచ్చుకోలేదు. "వచ్చే ఏడు నేను కూడా తెస్తాలే సార్" అన్నాడు. ప్యాకెట్లో సగం వాడే తిన్నాడు.

తరగతి పోయింది

ఆ వచ్చే ఏడు రాలేదు. పైన ఎక్కడో నిర్ణయం జరిగింది. ప్రపంచంలోని పెద్ద ఆటల్లో మగవాళ్ళ నలభై తొమ్మిది కిలోల తరగతి ఎత్తేశారు. ఆడపిల్లలకి తరగతులు పెంచాలి, మొత్తం మనుషుల సంఖ్య పెరక్కూడదు, అందుకని మగవాళ్ళవి తగ్గించాలి అన్నారు. ఆడపిల్లలకి పెంచడం న్యాయమే, నా దగ్గర కూడా ఆడపిల్లలు నేర్చుకున్నారు. కానీ తగ్గించేటప్పుడు చెయ్యి ముందు ఎవరి మీదికి పోయిందో చూడండి.

పెద్ద ఆటల్లో లేని తరగతిని కిందివాళ్ళు ఎందుకు మోస్తారు! ఉద్యోగాల ప్రకటనల్లోంచి పోయింది. ఎంపిక పోటీల్లోంచి పోయింది. రామాంజనేయులు గారు ఫోన్లో వచ్చిన ఉత్తర్వు చదివి వినిపించి, "ఇక మనం చేసేదేముంది?" అన్నారు.

"అభ్యంతరం రాద్దామండీ" అన్నాను.

"ఎవరున్నారయ్యా నీ వెనక? భారీ తరగతి తీసేస్తే ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కుతయ్యి. ఇది తీసేస్తే నువ్వూ నేనూ తప్ప ఎవరికన్నా తెలిసిందా?"

ఆయన నా వృత్తి మొత్తం మీద నాకు చెప్పిన నిజం అదొక్కటే. ఒక తరగతి బతికుండేది చూసేవాళ్ళ వల్ల. రూల్ పుస్తకంలో ఎంత న్యాయం రాసుకున్నా, చూసేవాడు లేని న్యాయాన్ని తుడిచెయ్యడానికి తడిగుడ్డ చాలు.

సైదులుకి నేనే చెప్పాను. బస్టాండు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. చానాసేపు చెప్పులతో మట్టి గీకాడు.

"యాభై రెండులో ఆడతా సార్."

"వద్దురా. అక్కడికొచ్చేవాళ్ళు యాభై ఎనిమిది నుంచి దిగినోళ్ళు. నువ్వు దిగేవాడివి కాదు, ఎక్కేవాడివి."

"మరేం చెయ్యమంటారు సార్? రాళ్ళు ఎత్తేకాడ ఏ తరగతీ లేదు. నాకూ అంతే రాయి, పక్కన దుక్కలాంటోడికీ అంతే రాయి."

మాచర్ల బస్సు రాగానే లేచి ఎక్కేశాడు.

పెద్ద బరువులోకి

తినడం మొదలుపెట్టాడు. అన్నం, గుడ్లు, అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు. మాచర్ల వెళ్ళినప్పుడు కోటమ్మ నాతో చెప్పుకుంది. "ఒకప్పుడు తినడానికి లేక ఏడ్చేవోడు సార్. ఇప్పుడు తినలేక ఏడుస్తన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోని బయటికి పోతన్నాడు, కక్కుతన్నాడు, మళ్ళీ కూచుంటన్నాడు." ఆ ఒంటికి యాభై దాటడమే గగనమైంది. వచ్చిన కాస్త బరువూ కాళ్ళ వేగాన్ని తినేసింది.

రెండేళ్ళు అట్లా ఆడాడు. గెలిచేవాడు కూడా. ఇదివరకు పది దెబ్బల్లో ఒకటి తగిలేది, ఇప్పుడు మూడు తగిలేవి. ఆ మూడూ పెద్ద మనుషుల దెబ్బలు. గెలిచి దిగినవాడి ముఖం ఓడినవాడి ముఖంలా ఉండేది.

ఆ తర్వాత విజయవాడలో ఎంపిక పోటీలు. ఫైనల్‌కి చేరితే ఉద్యోగం ఖాయమని ప్రకటనలో ఉంది. రెండు బౌట్లు గెలిచాడు. సెమీఫైనల్ పొద్దున్నే. కాటా దగ్గర ఎదుటి మనిషిని చూశాను. పెదాలు పగిలిపోయి, కళ్ళు లోపలికి పోయి శవంలా ఉన్నాడు. రింగులోకి వచ్చేసరికి భుజాలు నిండుకున్నాయి. సైదులు కన్నా తలంత పొడుగు.

చూసేవాళ్ళు పదిమంది కూడా లేరు. కోటి ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాడు. మొదటి రౌండు సైదులుదే. రెండోది కూడా వాడిదే అనుకున్నాను. కానీ ఎడమ వైపు నుంచి వచ్చే దెబ్బలు తగులుతున్నాయి. అన్నీ అటునుంచే. సైదులుకి అట్లా తగలడం నేనెప్పుడూ చూళ్ళేదు.

రెండో రౌండు అయ్యాక స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళు పోస్తూ, నా వేలు వాడి ముఖం ముందు అటూ ఇటూ తిప్పాను. కుడివైపు కళ్ళు వెంట వచ్చాయి. ఎడమవైపు కాస్త రాగానే ఆగిపోయాయి.

"కనపడతందా?"

"కనపడతంది సార్."

"నా వేళ్ళెన్ని?"

"టైమైంది సార్, లెగుస్తా."

లేచాడు. గంట కొట్టారు. వాడు మధ్యకి నడుస్తున్నాడు. పాయింట్లలో వాడే ముందున్నాడు. ఇంక మూడే నిమిషాలు, తప్పించుకు తిరిగినా చాలు. నా భుజం మీద తువ్వాలు ఉంది. కోచ్ తువ్వాలు రింగులో వేస్తే బౌటు ఆగిపోతుంది, వేసినవాడి మనిషి ఓడినట్టు. ఎదుటివాడి కుడిచెయ్యి వీడి ఎడమవైపు నుంచి లేచింది. సైదులు తల కదల్లేదు. ఆ దెబ్బ వస్తున్నట్టే వాడికి తెలియలేదు. తగిలింది.

తువ్వాలు వేసేశాను.

రిఫరీ చేతులు అడ్డంగా ఊపాడు. సైదులు ఆ తువ్వాలు కేసి చూశాడు, ఎవరో పొరపాటున పడేసుకున్నారేమో అన్నట్టు. తర్వాత నా వైపు చూశాడు.

"ఒక్క రౌండు సార్. ఆ ఒక్క రౌండు ఊరుకుంటే నాకు ఉద్యోగమొచ్చేది గదా!"

"కన్ను పోయేది రా."

"పోతే పోయేది. రెండున్నయ్యి గదా సార్!"

కోటి వాణ్ని పట్టుకుని దించబోయాడు. వాడి చెయ్యి విదిలించేసి తాళ్ళ కింద నుంచి ఒక్కడే దిగి, మెట్టు కనపడక పడ్డాడు.

ఆసుపత్రి

కోటి కారులో గుంటూరు తీసుకెళ్ళాం. దారి పొడవునా సైదులు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ముందు రోజు బౌటు నుంచే ఆ కంట్లో నల్లగా మసిలాంటిది తిరుగుతోందట. డాక్టరుతో చెప్తే ఆడనివ్వరని చెప్పలేదు. నాతో చెప్తే నేనూ ఆడనివ్వనని చెప్పలేదు.

కంటి వెనకున్న పొర ఊడిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు. వెలుతురూ చీకటీ తేడా తెలిసేంత మాత్రం మిగిలింది. కాబట్టి నేను వేసిన తువ్వాలు కన్నునీ కాపాడలేదు, ఉద్యోగాన్నీ దక్కనివ్వలేదు. కోచ్‌ల సభల్లో "సరైన సమయంలో సరైన నిర్ణయం" అని గొప్పగా చెప్తుంటారు. నాకు తెలిసిన సరైన నిర్ణయం ఇదే. అలాంటి రోజు మళ్ళీ వస్తే మళ్ళీ వేస్తాను. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగదని తెలిసి కూడా వేస్తాను.

రామాంజనేయులు గారు ఆసుపత్రి వరండాలో నన్ను పట్టుకుని, "గెలిచే బౌటు ఆపావేందయ్యా?" అని అరిచారు. లోపలికెళ్ళి సైదులు కంటి కట్టు చూసి వచ్చాక, ఆ బల్ల మీదే నా పక్కన కూర్చుండిపోయారు. కోటమ్మ మా ఇద్దరికీ టీ తెప్పించింది.

సైదులు మూడేళ్ళు నాతో మాట్లాడలేదు.

కొత్తవాళ్ళకి

మీ దగ్గరికి సన్నటివాళ్ళు వస్తూనే ఉంటారు. ఎక్కడా పనికిరావన్న మాట విని విని, ఇక్కడన్నా చోటుందేమోనని వస్తారు. ఏం చెప్పాలో నాకు తెలియదు. నిజం చెప్తే వెళ్ళిపోతారు, వెళ్ళి రాళ్ళే ఎత్తుకుంటారు. అబద్ధం చెప్తే ఉంటారు. నేర్పేముందు మాత్రం ఒకటి చూసుకోండి. వాడి తరగతి రూల్ పుస్తకంలో ఉందా అని కాదు, వాడి బౌటు జరిగేటప్పుడు కుర్చీల్లో మనుషులుంటారా అని. లేకపోతే ఆ తరగతి ఈ రోజు ఉన్నా రేపటికి లేనట్టే. జనానికి చూడటం నేర్పే పని కూడా మనదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. అది ఎట్లా నేర్పాలో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు కింది తరగతి ఒకటీ అరా కిలోలు మార్చి మళ్ళీ అక్కడక్కడా పెడుతున్నారట. పెడితే మంచిదే. పోయిన మనుషులు మాత్రం తిరిగి కాటా ఎక్కరు.

మాచర్ల

రిటైరయ్యాక సైదుల్ని చూడాలని మాచర్ల వెళ్ళాను. రాళ్ళ పాలిషింగ్ షెడ్డులో చేస్తున్నాడు. దుమ్ముతో ఒళ్ళంతా తెల్లగా ఉన్నాడు. నన్ను చూసి ముఖం కడుక్కుని వచ్చాడు. ఎడమవైపు నుంచి వచ్చే మనిషి కోసం తల పూర్తిగా తిప్పి చూస్తున్నాడు. ఒకప్పుడు ఆ తల జానెడు కూడా జరిగేది కాదు.

"తిన్నారా సార్?" అని అడిగాడు. మూడేళ్ళ తర్వాత మొదటి మాట అదే. పక్క హోటలుకి తీసుకెళ్ళి పెసరట్టు చెప్పాడు. కోటమ్మ బాగానే ఉందట, మోకాళ్ళ నొప్పులట. కోటి నెలకోసారి వచ్చి పోతాడట.

హోటల్లో ఒక కుర్రాడు ఫోన్లో బాక్సింగ్ చూస్తున్నాడు. ఇద్దరు భారీ మనుషులు ఒకరి మీద ఒకరు పడి రొప్పుతున్నారు. సైదులు మెడ పూర్తిగా తిప్పి కాసేపు చూశాడు.

"ఇంకా చూస్తుంటావా?" అన్నాను.

"చూస్తా సార్. పెద్దోళ్ళవి చూస్తా." అట్టు ముక్క తుంచి చట్నీలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా ప్లేటులోనే వదిలేశాడు. "చిన్నోళ్ళవి వస్తే ఆపేస్తా. చూళ్ళేను."